కుట్టని తెర

గృహచరిత్రను వ్రాయబూనినవారు సాధారణంగా ద్వారంతో ఆరంభిస్తారు. ద్వారబంధాలపై శిల్పాలుంటాయి; కోటగుమ్మాలపై శాసనాలుంటాయి; వాకిట పెట్టే ముగ్గుకు సైతం సంప్రదాయమున్నది. కిటికీకి ఇంత భాగ్యం పట్టలేదు. ఇక కిటికీకి అడ్డుగా వ్రేలాడే గుడ్డను గురించి చెప్పవలసిన పనియే లేదు. అది మాసిపోతుంది, చిరుగుతుంది, చివరకు మసిగుడ్డయై వంటింట చేరుతుంది. అందువల్ల పురావస్తు త్రవ్వకాలలో అది దొరకదు. దానశాసనాలలో అది కానరాదు. అయినను, ఒక సంఘంలో ఎవరు ఎవరిని చూడవచ్చును, ఎవరికి ఇతరుల చూపునుండి తప్పుకొనే అధికారమున్నది అనే ప్రశ్నకు సమాధానం చాలవరకు ఆ గుడ్డలోనే ఉన్నది.

ఈ ప్రశ్నను గురించి ఆలోచించడానికి నందిని వంటి ఊరు తగిన స్థలం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని దుర్గ్ జిల్లాలో, భిలాయికి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది నందిని. అక్కడి సున్నపురాయి గనులు భిలాయి ఉక్కు కర్మాగారానికి చెందినవి. కొలిమిలో ఇనుప ఖనిజం కరగేటప్పుడు దానిలోని ఇసుకవంటి మలినాలను తనలో కలుపుకొని చిట్టెముగా మార్చి వేరుచేసేది సున్నపురాయియే. ఇనుము మెరుగు పొందడానికి ఈ రాయి తాను మాలిన్యాన్ని ధరిస్తుంది. గనిలో రాతిని ప్రేల్చినప్పుడు, లారీలకెత్తినప్పుడు లేచే తెల్లని ధూళి గాలితోపాటు ఇండ్లలోనికి వస్తుంది. అక్కడి గృహిణికి కిటికీతెర అలంకారం కాదు. అది ధూళికి అడ్డు, ఎండకు అడ్డు, వీధిచూపుకు అడ్డు.

కుట్టుపని లేకుండా, తక్కువ ఖర్చుతో, ఉన్న గుడ్డతోనే కిటికీతెర అమర్చుకొనే విధానాన్ని ఈనాడు ఒక నవీనమైన ఉపాయంగా చెప్పుకొంటున్నారు. చరిత్ర చూచినచో ఈ మాట తారుమారవుతుంది. మన దేశంలో కుట్టని తెరయే పూర్వికురాలు. కుట్టిన తెరయే తరువాత వచ్చిన కోడలు. అయితే తెర పాతదైనను దాని అవసరం మారినది. ఒకప్పుడు అది హోదాకు గుర్తు. నేడు అది ప్రతి మనిషికీ ఉండవలసిన హక్కుకు చిహ్నం. ఈ మార్పు ఎట్లు జరిగినదో తెలుసుకొనడమే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా మాటలను పరిశీలింతము. సంస్కృతంలో కిటికీకి గవాక్షమని, వాతాయనమని, జాలకమని పేర్లున్నవి. గవాక్షమనగా ఆవుకన్ను, వాతాయనమనగా గాలి వచ్చే దారి, జాలకమనగా వలవంటిది. మొదటి పేరు చూపును, రెండవది గాలిని, మూడవది అడ్డును చెప్పుచున్నవి. చూడవలెను, గాలి రావలెను, కాని కనబడరాదు. కిటికీ చరిత్రమంతయు ఈ మూడు కోరికల సంఘర్షణయే. మన కిటికీ, హిందీ 'ఖిడ్‌కీ' ఒకే కుదుటినుండి వచ్చిన మాటలు. పరదా పారసీకం. కనాతు తురుష్కుల గుడారాలతో వచ్చినది. సన్నని వెదురుపుల్లలను దారంతో అల్లిన తెరకు ఉత్తరదేశంలో 'చిక్' అని పేరు. ఇదియు తురుష్క పారసీక భాషల ద్వారా వచ్చినదే.

హిందీలో 'టట్టీ' అనే మాట చరిత్ర మరింత చిత్రమైనది. మొదట దానికి వెదురుతోగాని వట్టివేళ్లతోగాని కట్టిన అడ్డు అనియే అర్థం. మరుగుదొడ్డికి అట్టి అడ్డు కట్టేవారు కనుక క్రమంగా ఆ మాట మరుగుదొడ్డికే పేరైనది. తరువాత నలుగురిలో పలుకరాని మాటగా దిగజారినది. మన తడిక మాత్రం ఆ దుర్గతి పాలుకాక పాతయర్థంలోనే నిలిచినది. అడ్డు పేరే అడ్డువెనుకనున్న దానికి పేరగుట భాషలో సహజం. మనకు 'మరుగు' అనే మాట ఉండనే ఉన్నది. మరుగుదొడ్డిలోని మరుగు చాటు అనియే అర్థమిచ్చుచున్నది. మనిషికి చాటు ఎంత అవసరమో ఈ మాటలే సాక్ష్యం చెప్పుచున్నవి.

పూర్వులు ఈ చాటును ప్రధానంగా గుడ్డతోగాక గోడతో సాధించారు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలో ఇండ్ల కట్టుబడిని గురించిన నియమాలున్నవి. వాటిలో ఒకటి కిటికీకి సంబంధించినది. పొరుగువానికి బాధ కలిగించే విధంగా ద్వారంగాని కిటికీగాని ఎదురుగా పెట్టినవానికి దండన విధింపబడినది. రాజమార్గం వైపు, వీధి వైపు పెట్టుకొనడానికి మాత్రం మినహాయింపు ఉన్నది. వెలుతురు కొరకు కిటికీ చిన్నదిగా, ఎత్తున ఉండవలెననియు ఆ గ్రంథంలో ఉన్నది. రెండువేల ఏండ్లనాటి ఈ నియమం వెనుక ఒక స్పష్టమైన భావమున్నది. వీధిలో నడిచేవాని చూపు వచ్చి పోయేది, దానిని సహింపవచ్చును. పొరుగువాని చూపు నిత్యమైనది, దానిని సహింపనక్కరలేదు. ఈ భేదమును గుర్తించుట చిన్న విషయం కాదు.

పల్లెటూరి ఇండ్ల నిర్మాణంలోను ఈ భావమే కనబడుతుంది. మన మండువా లోగిలిలో వెలుతురు ఇంటినడుమనుండి దిగుతుంది. వీధిగోడకు కిటికీలు తక్కువ, ఉన్నవి చిన్నవి. స్త్రీల పనులకు పెరడు ఉన్నది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలోని మట్టియిల్లు కట్టుబడిలో వేరైనను ఆలోచనలో దీనికి దూరం కాదు. అక్కడ ఇంటినడుమ 'అంగనా', దానిని ఆనుకొని 'పరఛీ' అనబడే వసారా, వెనుక కూరమొక్కల 'బారీ' ఉంటవి. తెల్లమట్టి పూసిన గోడ వీధికి వీపు త్రిప్పి నిలుస్తుంది. ఇట్టి ఇంట కిటికీకి తెర కావలెనని ఎవరికిని తోచదు. గోడయే తెర, ముంగిలియే గది.

గుడ్డతెర మరి ఎక్కడ ఉండేది? పెండ్లిలో, నాటకంలో, దేవాలయంలో. తెలుగువారి పెండ్లిలో వధూవరుల నడుమ అడ్డుతెర పట్టుట అందరికీ తెలిసినదే. జీలకర్ర బెల్లం పెట్టే సుముహూర్తం వరకు వారు ఒకరినొకరు చూడరాదు. ఆ తెర కుట్టినది కాదు. దానికి కడ్డీ లేదు, కొక్కెము లేదు. ఇరువైపులా ఇద్దరు పెద్దలు పట్టుకొంటారు. లగ్నం కాగానే దించుతారు. కూచిపూడి భాగవతుల ప్రదర్శనలోను ఇట్లే ఇద్దరు తెర పట్టుకొని నిలుస్తారు. భామాకలాపంలో సత్యభామ ఆ తెరమీదుగా తన జడను ఇవతలకు వేయుట ఆ సంప్రదాయంలో ప్రసిద్ధమైన ఘట్టం. ఆమె ముఖం ఇంకను కనబడదు. కాని ఆమె గర్వం తెరను దాటి వచ్చినది. ఆలయంలో నైవేద్యవేళ తెర వేస్తారు. తిరుమలకు వెళ్లిన త్యాగరాజస్వామికి దర్శనవేళ తెర అడ్డుపడగా ఆయన పాడినాడనియు, తెర తొలగినదనియు సంప్రదాయకథ ఒకటి ఉన్నది.

ఈ మూడింటిలోను ఒక సమానధర్మమున్నది. తెర శాశ్వతమైన అడ్డు కాదు. అది వేయుటలో ఎంత అర్థమున్నదో తీయుటలోను అంతే ఉన్నది. తీయడానికి వీలులేని తెర గోడ అవుతుంది.

మన పూర్వులకు సూది తెలియదనియు, కుట్టుపని పరదేశీయులు నేర్పినదనియు కొందరనుకొంటారు. అది సరికాదు. ఋగ్వేదంలోనే సూది ప్రస్తావన ఉన్నది. సింధులోయ నాగరికతకు చెందిన త్రవ్వకాలలో లోహపు సూదులు, ఎముక సూదులు దొరికినవి. కుట్టడం తెలిసియు మనవారు కుట్టని గుడ్డను ఎక్కువగా ధరించారు. ధోవతి, ఉత్తరీయం, చీర, పంచె అన్నియు మగ్గం దిగినవి దిగినట్లే ఒంటికి వచ్చినవి. మడికి నేటికిని కుట్టని బట్టయే శ్రేష్ఠమంటారు. దీనికి ఆచారమొక్కటే కారణం కాదు; ఉపయోగముకూడ ఉన్నది. కుట్టిన చొక్కా ఒక కొలతకే సరిపోతుంది. కుట్టని చీర తల్లికి సరిపోతుంది, కూతురికి సరిపోతుంది. పాతబడితే పసిబిడ్డకు ఉయ్యాల అవుతుంది, పక్కకు బొంత అవుతుంది, కిటికీకి తెర అవుతుంది. కుట్టుమిషన్లు మన పట్టణాలలో వ్యాపించినది ఇటీవలి కాలంలో. ఉషా మిషన్లను కలకత్తాలో తయారుచేయ నారంభించినది 1930ల దశకంలో. మడతలు పెట్టి, అంచు కుట్టి, ఉంగరాలు తొడిగిన కిటికీతెర బంగళాలనుండి మధ్యతరగతి ఇండ్లకు దిగి అట్టే కాలం కాలేదు.

తెర చరిత్రలో చీకటి భాగం ఒకటున్నది. దానిని దాటిపోవుట న్యాయం కాదు. పరదా అనే మాటకు మన దేశంలో ఏర్పడిన అర్థం గుడ్డకు సంబంధించినది కాదు. స్త్రీని లోపల ఉంచుటకు సంబంధించినది. తెలుగువారు ఘోషా అనే మాట పారసీకంలోని 'గోషా', అనగా మూల. మూలను కూర్చుండునది ఘోషాస్త్రీ. విశాఖపట్నంలోని స్త్రీల ఆసుపత్రిని నేటికిని జనం ఘోషాసుపత్రి అనియే పిలుస్తారు. మగవైద్యుని ఎదుటికి రాలేని స్త్రీలు చికిత్స లేక బాధపడిన కాలానికి ఆ పేరు సాక్షి. జయపురంలో సవాయి ప్రతాపసింహుడు 1799లో కట్టించిన హవామహల్‌కు 953 చిన్న కిటికీలున్నవని ప్రసిద్ధి. అంతఃపురస్త్రీలు వీధి ఉత్సవాలను చూడడానికి, తాము మాత్రం కనబడకుండా ఉండడానికి ఆ జాలకాలు. యాత్రికులు దాని అందానికి అచ్చెరువందుతారు. అందమైనదే. కాని ఆ 953 కన్నుల వెనుకనున్నవారు తమ ఇష్టమున బయటికి రాగలిగినవారా అనికూడ అడుగవలెను.

మరొక వైపు పొలంలో నాటువేసే స్త్రీకి, రాళ్లు మోసే స్త్రీకి, ఏ తెరయు లేదు. స్నానానికి చెరువు, చాటుకు చీకటి. ఒకరికి తీయరాని తెర; మరొకరికి వేసికొన లేని తెర. పైకి ఇవి విరుద్ధంగా కనబడినను మూలంలో ఒకటే. ఇద్దరి చేతిలోను తెరతాడు లేదు. కనుక తెర మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు గుడ్డను చూచి సమాధానం చెప్పలేము. తాడు ఎవరి చేతిలో ఉన్నదో చూచి చెప్పవలెను.

ఇక వెదురు తెరకు వత్తము. మనవైపు మేదరులు, ఛత్తీస్‌గఢ్‌లో కండ్రాలు వెదురుపనికి పేరుపొందినవారు. చేట, బుట్ట, గంప, తడిక వీరి చేతులలో తయారవుతవి. కండ్రాలు అల్లే 'సూపా' మన చేటయే. 'టుకనా' మన గంపయే. వెదురును చీల్చి సన్నని పుల్లలుగా తీసి, వాటిని వరుసగా పేర్చి దారంతో ముడివేసికొనిపోతే చిక్ తయారవుతుంది. దీనిలో సూదికి పనిలేదు. చిక్‌లోని చమత్కారం పుల్లల నడుమనుండే సందులలో ఉన్నది. పగటిపూట బయట వెలుతురు హెచ్చు, లోపల తక్కువ. లోపలివాడు సందులగుండా బయటిది చూడగలడు. బయటివానికి ఎండపడి మెరిసే పుల్లలే కనబడతవి, వాటి వెనుకనున్న మసకలోని మనిషి కనబడడు. గాలికి ఆటంకం లేదు. వేసవిలో వట్టివేళ్ల తడికలను తడిపి కట్టితే నీరు ఆవిరియగుటవలన గాలి చల్లబడుతుంది. ఎండను గోడకు బయటనే ఆపుట లోపల ఆపుటకంటె మేలని ఈ పనివారికి అనుభవంవలన తెలుసు. గుడ్డతెర వేడిని గదిలోనికి రానిచ్చి తరువాత అడ్డుకొంటుంది. వసారాకు కట్టిన చిక్ వాకిటనే నిలుపుతుంది.

ఇన్ని గుణాలున్న చిక్‌కు ఒక పెద్ద లోపమున్నది. దీపం వెలిగించగానే అది పక్షం మారుస్తుంది. రాత్రి లోపల వెలుతురు, బయట చీకటి. అప్పుడు లోపలివానికి బయట ఏమియు కనబడదు. బయటివానికి లోపలిదంతయు కనబడుతుంది. ఆముదపు దీపం కాలంలో ఈ లోపం పెద్దగా తెలియలేదు. ఆ దీపం తనచుట్టు రెండడుగులకే చాలేది. ఊరు పెందలకడనే నిద్రించేది. విద్యుద్దీపం వచ్చిన తరువాత స్థితి మారినది. ఒక మీట నొక్కగానే గది అంతయు రంగస్థలమైనది. వీధి ప్రేక్షకశాల అయినది. కిటికీతెర చరిత్రలో ఇంతటి మలుపు మరొకటి లేదు.

ఈ మలుపు భిలాయిలో ఒక్క తరంలోనే సంభవించినది. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత సోవియట్ ప్రభుత్వాల నడుమ ఉక్కు కర్మాగార నిర్మాణానికి ఒప్పందం కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి కొలిమిని ప్రారంభించారు. మొదటి దశలో కర్మాగార సామర్థ్యం సంవత్సరానికి 10 లక్షల టన్నులు. వరిపొలాలున్న నేలమీద సెక్టార్లుగా విభజింపబడిన నగరం లేచినది. దల్లీ రాజహరానుండి ఇనుప ఖనిజం, నందినినుండి సున్నపురాయి వచ్చి కలిసేవి. దేశంలోని అన్ని మూలలనుండి మనుష్యులును వచ్చి కలిశారు.

వారిలో తెలుగువారు తక్కువమంది కారు. విజయనగరం రాయపూర్ రైలుమార్గం 1931లో పూర్తి అయినది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారికి కొండలు దాటి రాయపూరు చేరడానికి, అక్కడినుండి దుర్గు వైపు పోవడానికి అది రాజమార్గమైనది. ఉద్యోగానికి వచ్చినవారు కొందరు, కూలికి వచ్చినవారు కొందరు. ఇంట తెలుగు, బజారులో హిందీ, కూరగాయలమ్మే ఆమెతో ఛత్తీస్‌గఢీ పలుకుతూ వారి సంతానం పెరిగినది.

పెరటిని, మండువాను, అంగనాను విడిచి వచ్చినవారు క్వార్టర్లలో ప్రవేశించారు. క్వార్టరు ఆనాటికి గొప్ప వసతియే. పక్కాగోడలు, కుళాయి, విద్యుద్దీపం, గాలివెలుతురుల కొరకు కిటికీలు. ఆరోగ్యశాస్త్రం దృష్టిలో కిటికీ ఎంత పెద్దదైతే అంత మేలు. కాని వరుసయిండ్లలో ఒక కిటికీ ఎదుట మరొక కిటికీ ఉంటుంది. కౌటిల్యుడు దండనార్హమన్నది ఇక్కడ నగరనిర్మాణంలో భాగమైనది. అందులోను ఎదుటియింటివారు మన ఊరివారు కారు, మన భాషవారు కారు. పల్లెలో తెలిసినవాని చూపుకు ఒక మర్యాద ఉండేది. చూచియు చూడనట్లు పోవుట పెద్దమనిషి లక్షణం. క్రొత్త ఊరిలో ఆ మర్యాదకు ఉమ్మడి సంప్రదాయం ఇంకను ఏర్పడలేదు. అది ఏర్పడేవరకు గుడ్డయే మధ్యవర్తి.

మరొక కారణంకూడ ఉన్నది. కొలిమి రాత్రింబవళ్లు మండవలసినదే. ఆరితే మరల వెలిగించుట బ్రహ్మప్రయత్నం. కనుక కార్మికులు పాళ్లు మార్చుకొని పనిచేయవలెను. రాత్రి డ్యూటీ చేసి ఉదయం ఇంటికి వచ్చినవాడు మిట్టమధ్యాహ్నం నిద్రించవలెను. ఉన్నవి రెండు గదులు. ఒకదానిలో పిల్లలు, పొయ్యి, పాత్రల చప్పుడు. రెండవదానిలో దుర్గుజిల్లా వైశాఖపు ఎండ. నిద్ర చాలనివాడు మరునాటి రాత్రి యంత్రం దగ్గర, కరిగిన లోహం దగ్గర నిలువవలెను. అట్టివాని కిటికీకి వేసిన ముదురురంగు గుడ్డ సిగ్గును కాపాడేది మాత్రమే కాదు, ప్రాణాన్ని కాపాడేదికూడ. నిద్రకు కావలసిన చీకటినిగూడ మనిషి చాటులో భాగంగానే లెక్కింపవలెను.

ఇట్టి ఇంటికి దర్జీ దగ్గర కుట్టించిన తెర అందుబాటులో లేనప్పుడు, పెట్టెలోని పాతచీర అందుబాటులో ఉండేది. దానిని తెరగా మార్చే పద్ధతి చెప్పుట చరిత్రకారునికి తగని పని కాదు. పనిముట్టు ఎట్లు పనిచేయునో తెలియక దాని చరిత్ర తెలియదు. చీర వెడల్పు సుమారు 45 అంగుళాలు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల కిటికీని తీసికొందము. కిటికీకి పైన నాలుగు వ్రేళ్ల ఎత్తున, ఇరువైపులా నాలుగైదు అంగుళాలు ఎడంగా రెండు మేకులు కొట్టి గట్టిత్రాడు బిగించవలెను. నడుమ వంగకుండ ఉండవలెనన్నచో త్రాటికి బదులు వెదురుకర్ర మేలు. తెర నాలుగున్నర అడుగులు దిగవలెను. గుడ్డను దానికి రెండింతలు, అనగా తొమ్మిదడుగులు, మూడు గజాలు తీసికొని నడుమకు త్రాటిమీదుగా వేస్తే రెండు పొరల తెర అవుతుంది. ఆరుగజాల చీర సరిగా రెండు కిటికీలకు వస్తుంది.

దీనిలో సూదికి పని ఎందుకు లేదో గమనించవలెను. చీర అంచును నేతగాడు మగ్గంమీదనే గట్టిపరచినాడు. పేకదారం అక్కడ మలిగి వెనుకకు పోవును గనుక ఆ అంచు విడిపోదు. ప్రక్కలకు ఆ అంచులే వస్తవి. కత్తిరించిన కొసలు క్రిందికి వస్తవి. అక్కడ నాలుగైదు పేకదారాలను లాగివేసి, మిగిలిన పడుగుదారాలను కొన్ని కొన్నిగా చేర్చి కుచ్చులుగా ముడివేస్తే గుడ్డ పీకదు. రెండు పొరల నడుమ క్రింది కొసలో ఒక వెదురుబద్ద పెట్టి కుచ్చులతోనే కట్టితే తెర గాలికి ఎగరదు. నందినివంటి ధూళిగల చోట దీనికి మరొక సౌకర్యమున్నది. ముడి విప్పకుండనే త్రాటినుండి జార్చి ఉతికి, ఆరవేసి, మరల వేయవచ్చును. ఒకవైపు వెలిసినప్పుడు లోపలిపొరను బయటికి త్రిప్పవచ్చును.

చాపనుగాని చిక్‌నుగాని చుట్టియెత్తే పద్ధతి మరొకటి. పైబద్దకు వెనుకవైపున రెండు తాళ్లు కట్టి, వాటిని తెర క్రిందుగా చుట్టి ముందువైపునకు తెచ్చి పైకొక్కెములగుండా లాగవలెను. మూరెడు ఎత్తు లేవడానికి రెండు మూరల త్రాడు లాగవలసి వస్తుంది. కాని ఎత్తే బరువు సగమవుతుంది. బావిగిలక తెలిసినవారికి ఈ లెక్క వింత కాదు. అద్దపు రెక్కలైనచో మూడవ పద్ధతి కలదు. పలుచని నూలుగుడ్డను చిక్కని గంజిలో ముంచి అద్దానికి అతికిస్తే ఆరి అంటుకొంటుంది. వెలుతురు వస్తుంది, చూపు రాదు. ఇల్లు ఖాళీ చేసేనాడు తడిపి ఊడదీయవచ్చును, గోడకు మేకుకూడ కొట్టనక్కరలేదు. ఏ తెర వేసినను పరీక్ష రాత్రియే చేయవలెను. లోపల దీపం వెలిగించి, ఒక మనిషిని నిలిపి, బయటినుండి చూడవలెను. దీపం మనిషి వెనుక ఉన్నచో పలుచని తెరపై నీడ తోలుబొమ్మవలె ఆడుతుంది. తెర మార్చడానికి ముందు దీపపు స్థానం మార్చి చూచుట మంచిది. కిటికీ ఉన్న గోడవైపుననే దీపముంటే నీడ లోపలికి పోతుంది.

ఇదంతయు గృహిణుల చేతిపని. న్యాయస్థానాలకు దీనితో ఏమి సంబంధమని తోచవచ్చును. సంబంధమున్నది. భారత రాజ్యాంగంలో ఏకాంతపు హక్కు అనే మాట ప్రత్యేకంగా లేదు. 1954లో ఎం.పి. శర్మ కేసులో సుప్రీంకోర్టు అట్టి హక్కును అంగీకరింపలేదు. 1962లో ఖడక్‌సింగ్ కేసు వచ్చినది. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఒక మనిషిపై నిఘా పెట్టి, రాత్రివేళ అతని ఇంటికి పోయి తలుపు తట్టి లేపేవారు. రాత్రి ఇంటిమీదికి పోవుటను కోర్టు కొట్టివేసినది. కాని ఏకాంతం ప్రాథమికహక్కు కాదని అధికసంఖ్యాక న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. దానితో విభేదించినవారు రాజమహేంద్రవరంలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. ఏకాంతం లేని స్వేచ్ఛ స్వేచ్ఛ కాదనియు, అది వ్యక్తిస్వాతంత్ర్యంలో అంతర్భాగమనియు ఆయన తన భిన్నాభిప్రాయంలో నిరూపించారు. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు.

తరువాత 1975లో గోవింద్ కేసు వచ్చినది. అది ఆనాడు నందిని భాగమైయున్న మధ్యప్రదేశ్‌నుండి వచ్చినదే. విషయము మరల పోలీసు నిఘాయే. అప్పుడు కోర్టు ఏకాంతపు హక్కును పరిమితులతో గుర్తించడానికి ఒక అడుగు ముందుకు వేసినది. చివరకు 2017 ఆగస్టు 24వ తేదీన పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమికహక్కు అని తీర్పు చెప్పారు. 1962లో సుబ్బారావు చెప్పినదే సరియైనదని అంగీకరించారు. ఒక తెలుగువాని ఒంటరిమాట దేశధర్మం కావడానికి 55 ఏండ్లు పట్టినది.

తీర్పు గొప్పదే. కాని హక్కు కాగితంమీద అందరికీ సమానంగా లభించినను ఇంటిలో సమానంగా ఉండదు. కర్మాగార ఉద్యోగికి క్వార్టరు ఉన్నది, కిటికీ ఉన్నది, పాతచీర ఉన్నది. కాంట్రాక్టు పనికి వచ్చి రేకులగుడిసెలో కాపురముండే కుటుంబానికి కిటికీ లేదు. గుడిసెకంతకు ఒకటే గది. గుడ్డ కట్టినచో కిటికీకి కాదు, గదికి నడుమ కట్టవలెను. ఒకవైపు ముసలివారు, ఒకవైపు దంపతులు, త్రాటిమీద ఒక చీర. ఆ చీర వారి రాజ్యాంగం. కూతురు ఎదిగినప్పుడు మరొక త్రాడు వస్తుంది. చదువుకొనే పిల్లకు ఒక మూల దొరికినదంటే, దానిచుట్టు తల్లి కట్టిన గుడ్డయే కారణం. పూర్వపు ఘోషాలో మూల స్త్రీకి శిక్ష. ఈ మూల ఆ పిల్లకు సంపద. మాట ఒకటే, మూల ఒకటే; భేదం తాడులో ఉన్నది. ఇప్పుడు తాడు ఆ పిల్ల చేతిలో ఉన్నది.

కాబట్టి చౌకతెరను పేదరికపు గుర్తుగా చూచుట పొరపాటు. ఖరీదైన తెర గదికి శోభ తెస్తుంది. చౌకతెర మనిషికి గది తెస్తుంది. అర్థశాస్త్రంలోని గోడనియమం, పెండ్లిలోని అడ్డుతెర, కండ్రాల వెదురుపని, సుబ్బారావుగారి భిన్నాభిప్రాయం పైకి సంబంధం లేనివిగా కనబడినను, మనిషిని మనిషి ఎంతవరకు చూడవచ్చును అనే ఒకే ప్రశ్నకు ఇచ్చిన నాలుగు సమాధానాలు. ఐదవ సమాధానం వ్రాతలో లేదు. రాత్రి పాళి ముగించి వచ్చిన మనిషి నిద్రపోవడానికి, నందిని సున్నపుధూళి దులిపి, మూడుగజాల పాతచీరను త్రాటిమీద సరిచేసిన చేతులలో అది ఉన్నది.